బోడిమిట్ట గడువు

బోడిమిట్టకు 2059 అనీ, కొలిమిపల్లెకు 2091 అనీ ప్రణతి యంత్రంలో నమోదు చేసిన రోజున ఆమెకు ముప్ఫై ఒక్కేళ్ళు. నిజానికి ఆ రెండు సంఖ్యలూ అటుది ఇటూ, ఇటుది అటూ ఉండాలి. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసే మార్చింది.

అది 2047 జూన్ నెల. తిరుపతిలోని ఒక పరిశోధన కేంద్రంలో ఆమె చేరి అప్పటికి నాలుగేళ్ళయింది. జనం పెరిగినా తగ్గినా ఒక ప్రాంతం బతుకుదెరువు ఎలా మారుతుందన్నది ఆమె చదువు. రాష్ట్రమంతటా కాన్పులు తగ్గిపోయి, ఒక్కొక్క ఊళ్ళో బడులు మూతబడుతున్న రోజులవి. ఎక్కడ బడి కట్టాలో, ఎక్కడ కట్టి లాభం లేదో తెలియక ప్రభుత్వం తల పట్టుకుంది. అంతకు మూడేళ్ళ ముందు ప్రణతీ, ఆమె డైరెక్టరు సుందరం గారూ కలిసి ఒక యంత్రాన్ని తయారుచేశారు. ఊళ్ళో ఆడవాళ్ళ వయసులు, బడి హాజరు, బోర్లలో నీటి మట్టం, బస్సు టికెట్లు, కరెంటు వాడకం, విత్తనాల కొనుగోలు, ఇలా రెండు వందల పైచిలుకు వివరాలు అందిస్తే, ఆ ఊళ్ళో ఆఖరి కాన్పు ఏ సంవత్సరంలో జరుగుతుందో అది చెప్పేది. కాగితాల మీద దాన్ని జనాయుష్షు సూచిక అన్నారు. జనం మాత్రం ఊరి గడువు అన్నారు.

మొదటి విడతలో మూడు వందల ఊళ్ళకు గడువులు ప్రకటించారు. పంచాయతీ ఆఫీసు గోడకు నీలం బోర్డు కొట్టి, ఊరి పేరు కింద ఆ సంవత్సరం రాశారు. గడువు పదిహేనేళ్ళ లోపు ఉన్న ఊరికి కొత్తగా ఏదీ ఇవ్వనక్కర్లేదని పైవాళ్ళు నిర్ణయించారు. ఉన్నవాటిని తీసెయ్యబోమని కూడా చెప్పారు.

రెండేళ్ళు తిరిగేసరికి యంత్రం చెప్పినట్టే జరిగింది. నూటికి తొంభై నాలుగు ఊళ్ళలో కాన్పులు అది చెప్పిన లెక్క ప్రకారమే తగ్గాయి. సుందరం గారికి సన్మానం చేశారు. ఆ సభలో వెనక వరసలో కూర్చుని ప్రణతి తన ట్యాబ్‌లో ఇంకో పట్టిక చూస్తోంది. కొన్ని ఊళ్ళకు యంత్రం గడువు కట్టింది గానీ, ఏవో కారణాల వల్ల బోర్డులు పెట్టడం ఆలస్యమైంది. గడువు తెలియని ఆ ఊళ్ళలో మాత్రం కాన్పులు యంత్రం చెప్పినంత వేగంగా తగ్గలేదు.

మర్నాడు ఆమె ఆ పట్టిక తీసుకుని సుందరం గారి గదికి వెళ్ళింది. యంత్రం రేపటిని చూస్తోందో, లేక రేపటిని తయారుచేస్తోందో తేల్చుకోవాలని చెప్పింది. కొన్ని ఊళ్ళకు తప్పు గడువు ఇచ్చి చూస్తే తప్ప అది తేలదని అంది. బతికున్న మనుషుల మీద అలాంటి పరీక్షకు ఎవరూ అనుమతి ఇవ్వరనీ, ఇవ్వకూడదనీ ఆయన అన్నారు. ఆ ఆలోచన మరిచిపొమ్మన్నారు.

ఆమె మరిచిపోలేదు. ఎవరికీ చెప్పకుండా, ఇంకా బోర్డు పెట్టని ఊళ్ళలోంచి ఆరు జంటలను ఎంచుకుంది. ప్రతి జంటలోనూ రెండు ఊళ్ళూ దగ్గర దగ్గరలోనే ఉంటాయి. ఇళ్ళూ దాదాపు సమానమే. ఒకదానికి గడువు చాలా ఉంది, రెండోదానికి కొద్దిగానే ఉంది. ఒకదాని గడువు తీసి ఇంకోదానికి వేసింది. మూడేళ్ళు చూసి, తేడా కనిపించగానే సరిదిద్దేస్తానని తనకు తానే మాట ఇచ్చుకుంది. మూడేళ్ళలో ఒక ఊరికి ఏమైపోతుందిలే అనుకుంది.

మూడేళ్ళ తర్వాత తేడా కొద్దిగా కనిపించింది. అది కాకతాళీయం కావచ్చుననుకుని ఇంకో రెండేళ్ళు ఆగింది. ఐదో ఏటికి ఇక సందేహం లేకుండా పోయింది. అప్పుడు చెప్పి ఉండాల్సింది. కానీ అప్పటికి ఆమెకు కూతురు పుట్టింది, ఉప సంచాలకురాలి పదవి వచ్చింది, యంత్రం ఇంకో రెండు రాష్ట్రాలకు వెళ్ళింది. ఇప్పుడు చెబితే ఐదేళ్ళు ఎందుకు ఊరుకున్నావని అడుగుతారు. మరుసటి ఏడు చెబితే ఆరేళ్ళు ఎందుకు ఊరుకున్నావని అడుగుతారు. ఏటేటా చెప్పడం కష్టమవుతూ, చెప్పకపోవడం తేలికవుతూ వచ్చింది. అలా పద్నాలుగేళ్ళు గడిచాయి.

2061 జనవరిలో ఆమె బోడిమిట్టకు వెళ్ళింది. కడప నుంచి రాయచోటి దారిలో కొంతదూరం పోయి, కొండల వైపు తిరగాలి. అక్కడ ఆఖరి కాన్పు 2054లో జరిగిందని ఆమెకు కాగితాల మీద తెలుసు. యంత్రంలో తాను వేసిన తప్పుడు గడువు కన్నా ఐదేళ్ళ ముందే. కాగితాల మీద చూడటం వేరు.

ఊరు పాడుపడలేదు. అదే ఆమెను ఎక్కువ కలవరపెట్టింది. కరువొచ్చి ఖాళీ అయిన ఊరిలా లేదు. బావుల్లో చేతికందే లోతులో నీళ్ళున్నాయి. చుట్టూ పొలాల్లో వేరుశనగ పచ్చగా ఉంది. పక్క ఊళ్ళవాళ్ళు కౌలుకు తీసుకుని చేసుకుంటున్నారు. ఇళ్ళకు మాత్రం వరసగా తాళాలు వేసి ఉన్నాయి. పొమ్మన్నవాళ్ళు ఎవరూ లేకుండానే జనం సర్దుకుని వెళ్ళిపోయినట్టుంది. అంగన్‌వాడీ గది గోడ మీద ఏనుగు బొమ్మ రంగు ఇంకా వెలిసిపోలేదు.

మేకలు తోలుకొచ్చిన హుసేనప్ప అనే ఆయన ఆమెను చూసి ఆగాడు. మొదట బస్సు రెండు ట్రిప్పుల నుంచి ఒక ట్రిప్పుకు తగ్గిందనీ, తర్వాత పాల బండి రావడం మానేసిందనీ, బ్యాంకువాళ్ళు ఈ ఊరి పేరు చెబితే లోను ఇవ్వలేమన్నారనీ, ఈ ఊరికి పిల్లనివ్వడానికి ఎవరూ ముందుకు రాలేదనీ చెప్పాడు. ఎవరూ ఏదీ తీసెయ్యలేదు. అన్నీ వాటంతటవే తగ్గాయి. సగం మంది పదకొండు కిలోమీటర్ల దూరంలో ఉన్న కొలిమిపల్లెకే పోయారన్నాడు. ఎందుకని ఆమె అడిగింది, సమాధానం తెలిసి కూడా.

"ఆ ఊరికి గడువు బాగుండాది గదమ్మా" అన్నాడు హుసేనప్ప.

కొలిమిపల్లెలో బడి వదిలే వేళయింది. రోడ్డు నిండా పిల్లలు. పాల శీతల కేంద్రం దగ్గర ట్యాంకరు నిలబడి ఉంది. 2059 నాటికి ఆఖరి కాన్పు అయిపోవాల్సిన ఊరది. నీళ్ళు తక్కువ, నేల రాళ్ళది, పడుచువాళ్ళు అప్పటికే వలసపోతున్నారు. కానీ గోడ మీద 2091 అని చూసి బడి వచ్చింది, బడి చూసి పాల కేంద్రం వచ్చింది, నీళ్ళు లేవని పైపులైను కూడా వేశారు.

అంగన్‌వాడీ వెనకాల ఒకామె చిన్న చిన్న పళ్ళేలు తోముతోంది. బోడిమిట్ట నుంచి వచ్చినవాళ్ళెవరని ప్రణతి అడిగితే, తానేనని చెప్పింది. పేరు సుబ్బరత్న, వయసు నలభై ఒకటి. బోడిమిట్టలో ఆమె అంగన్‌వాడీ టీచరు. ఇక్కడ టీచరు పోస్టు ఖాళీ లేక ఆయాగా చేరింది. ప్రణతి సర్వే కోసం వచ్చానని మాత్రమే చెప్పి, మామూలుగా అడిగే ప్రశ్నలు అడుగుతూ పోయింది. ఎంతమంది పిల్లలు అని అడిగినప్పుడు సుబ్బరత్న లేరంది. కారణం ఏమైనా ఉందా అని ప్రణతి అడిగింది.

"గడువే మేడమ్" అంది సుబ్బరత్న, అదేమీ కొత్త సంగతి కానట్టు. "బోర్డు పెట్టినప్పుడు నాకు ఇరవై ఏడు. పెండ్లయి రెండేండ్లు. పన్నెండేండ్లే ఉండాదని రాసినారు. ఇప్పుడు కంటే బిడ్డ బడికి పొయ్యేతలికి బడి ఉండదు, ఇంగో ఊర్లో నిలదొక్కుకున్నాక కందాంలే అన్న్యాడు మా ఇంటాయన. నేనూ సరే అన్న్యా. నా సెంటర్లో నలభై మంది పిల్లోళ్ళు ఉండిరి. ఒగ్గొగ ఇల్లే ఖాళీ అయి ఏడుగురైనారు, ముగ్గురైనారు. ఈడికొచ్చి మేము ఇల్లు కట్టుకునేతలికి నాకు ముప్పై ఆరు దాటింది. డాక్టరమ్మ ఇంగ కష్టమనింది."

సుబ్బరత్న తడి చేతులు చీర కొంగుకు తుడుచుకుని, ఆమెను ఓదారుస్తున్నట్టుగా ఇంకో మాట అంది.

"అయినా ముందే తెలిసింది గాబట్టి జాగర్త పడినాం. లేకుంటే బిడ్డను ఏసుకోని ఆ ఊర్లో ఇరుక్కుపోయేటోళ్ళం. ఆ మిషను కనిపెట్టినోళ్ళెవురో గానీ పుణ్యాత్ములు మేడమ్."

తిరుపతికి తిరిగి వచ్చేదారిలో ప్రణతి కారు రెండుసార్లు పక్కకు ఆపించింది. డ్రైవరు ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. అవునంది.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె భర్త మాధవ్ దోసెలు పోస్తున్నాడు. ఆయన కాలేజీలో లెక్కలు చెబుతాడు. కూతురు ఆద్యకు పన్నెండు దాటి పదమూడో ఏడు. ఆ రోజు అమ్మ వెళ్ళిన ఊరి గురించి ఆద్య మామూలుగా అడిగింది. ఊరు ఎంత పెద్దది, బడి ఉందా, ఇలా అడుగుతూ, అక్కడ తన వయసు పిల్లలు ఎంతమంది ఉన్నారంది.

"ఎవరూ లేరు" అంది ప్రణతి.

"ఒక్కళ్ళు కూడా లేరా?"

ప్రణతి తుంచిన దోసె ముక్క పళ్ళెంలో పెట్టేసింది. తాను ఆ సంఖ్యలు మార్చిన మరుసటి ఏడే ఆద్య పుట్టింది. ఆ రెండు పనులూ ఒకే మనిషి, ఒకే చేతులతో చేసింది. ఆద్య పడుకున్నాక ఆమె మాధవ్‌కు మొత్తం చెప్పింది. పెళ్ళయిన పదహారేళ్ళలో ఆయనకు చెప్పకుండా దాచింది అదొక్కటే. ఆయన కోపపడలేదు. అలా అని దగ్గరికీ తీసుకోలేదు. ఇన్నేళ్ళూ ఈ సంగతి మనసులో పెట్టుకుని తన పక్కన ఎలా కూర్చుని తిన్నావని మాత్రం అడిగాడు.

మర్నాడు సుందరం గారికి కూడా చెప్పింది. ఆయనకు అప్పటికి డెబ్భై దాటింది. కేంద్రానికి గౌరవాధ్యక్షుడు. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. తర్వాత లెక్కలు చూపించమన్నారు. ఆరు జంటల్లో ఐదింట్లో ఊరు తన అసలు గడువు ప్రకారం నడవలేదు, బోర్డు మీద రాసిన గడువు ప్రకారం నడిచింది. యంత్రం తప్పు చెప్పినా జనం దాన్ని నిజం చేశారు.

ఆయనకు ఆ లెక్కల విలువ వెంటనే అర్థమైంది. రాష్ట్రంలో అప్పటికి ఆరు వందల పైచిలుకు ఊళ్ళు కొద్ది గడువుతో ఉన్నాయి. ఈ ఫలితం బయటపెడితే ఆ బోర్డులన్నీ తీసెయ్యక తప్పదు. కానీ కావాలని చేశానని చెబితే ఎవరూ ఫలితం గురించి మాట్లాడరు, చేసినామె గురించే మాట్లాడతారు. ఆ గొడవలో ఫలితం మట్టికొట్టుకుపోతుంది. అందుకని నమోదులో పొరపాటు జరిగిందని రాయమన్నారు. పన్నెండు ఊళ్ళ గడువులు గుమాస్తా పొరపాటు వల్ల తారుమారయ్యాయి, ఇప్పుడు గమనించాం. అంతే.

"నిన్ను కాపాడ్డానికి కాదమ్మా ఇది. ఆ ఆరు వందల ఊళ్ళ కోసం" అన్నారాయన.

ఆ మాటలో నిజం ఉంది. ప్రణతి ఒప్పుకుంది. రెండు వారాల్లో వ్యాసం తయారైంది. 'నమోదు దోషం' అన్న మాట మూడు చోట్ల వచ్చింది. ఆమె సంతకం కూడా చేసింది. ఇక పంపడమే తరువాయి.

పంపలేకపోయింది. సుబ్బరత్న ఆ రోజు తిట్టి ఉంటే, బహుశా పంపగలిగేదేమో. పుణ్యాత్ములు అన్న మాట ఆమెను నిలవనివ్వలేదు. వ్యాసంలో ఆ పొరపాటు చేసిన గుమాస్తా ఎవరో రాసి లేదు. ఆ తప్పు ఎవరి పేరు మీదా పడదు. సుబ్బరత్న జీవితాంతం ఆ యంత్రానికి దణ్ణం పెట్టుకుంటూనే ఉంటుంది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం ప్రణతి మళ్ళీ కొలిమిపల్లెకు వెళ్ళింది. సుబ్బరత్న ఇల్లు రెండు గదులది. వాకిట్లో ఆమె భర్త నాగభూషణం బోరు మోటారు విప్పి పెట్టుకుని, రాగి తీగ చుడుతున్నాడు. చుట్టుపక్కల ఊళ్ళన్నింటికీ మోటార్లు బాగుచేసేది ఆయనే. ప్రణతి లోపల కూర్చుని, సుబ్బరత్నకు జరిగింది జరిగినట్టు చెప్పింది. ఎక్కడా తనను తాను సమర్థించుకోలేదు. సమర్థించుకోవాలనిపించిన చోటల్లా మాట ఆపి, మళ్ళీ మొదలుపెట్టింది. వాకిట్లో తీగ చుట్టే చప్పుడు మధ్యలో ఆగిపోయింది.

సుబ్బరత్న మొదట ఏడవలేదు. పరీక్షలో ప్రశ్న సరిగ్గా అర్థం చేసుకుంటున్న పిల్లలా ఒక్కొక్కటే అడిగింది.

"అట్లయితే మా బోడిమిట్టది నిజమైన గడువు ఎంత?"

"2091."

"ఈ ఊరిది?"

"2059."

"మీరు కావాలనే మార్చినారు."

"అవును."

సుబ్బరత్న లేచి లోపలికి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. వచ్చేసరికి మొహం కడుక్కుని ఉంది. ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పారా అని అడిగింది. ఈ ఊళ్ళో మీకే మొదట చెబుతున్నానని ప్రణతి అంది.

"నాకొక్కదానికి చెప్పి పోతే మీకు బరువు దిగుతాది. నాకో? రేపటి నుంచి అందరి మొగాలు చూస్కుంటా ఈ మాట కడుపులో పెట్టుకోని నేను తిరగాల్నా? ఊరందరి ముందర చెప్పండి."

చెబితే కొలిమిపల్లెకు దెబ్బ తగలొచ్చని ప్రణతి అంది. పాల కేంద్రానికి రెండో భవనం ఆ ఏడే మొదలుకావాలి. అది గడువు చూసి ఇచ్చినదే. సుబ్బరత్న బతుకుతెరువు కూడా ఈ ఊళ్ళోనే ఉంది. అందుకని ఆలోచించుకోవాలంది.

"అది ఈ ఊరోళ్ళు ఆలోచించుకుంటారు మేడమ్. ఒగసారి మా బదులు మీరు ఆలోచించినారు గదా. ఇంగ చాలు."

తర్వాతి బుధవారం గ్రామసభ పెట్టారు. సర్పంచి చెన్నకృష్ణ దండోరా వేయించాడు. బోడిమిట్ట నుంచి వచ్చి అక్కడ స్థిరపడినవాళ్ళు, కొలిమిపల్లెవాళ్ళు కలిపి నాలుగు వందల మంది బడి ఆవరణలో కూర్చున్నారు. ప్రణతి మైకు తీసుకుని, సుబ్బరత్నకు చెప్పినట్టే చెప్పింది. జనం అరుస్తారని ఆమె అనుకుంది. ఎవరూ అరవలేదు. ఆవరణలో బోడిమిట్టవాళ్ళు ఎక్కడెక్కడ కూర్చున్నారో ఆ నిశ్శబ్దంలో తెలిసిపోయింది. పక్కనున్నవాళ్ళు వాళ్ళ మొహం చూడలేక తల దించుకున్నారు.

కొలిమిపల్లె ఆమె ఒకతె లేచి, అట్లయితే మా ఊరు చచ్చిపోయేదా అని అడిగింది. చచ్చిపోతుందని యంత్రం చెప్పిందనీ, మీరు అది అబద్ధమని తేల్చారనీ ప్రణతి అంది. ఆమె చంకలో రెండేళ్ళ పాప ఉంది. ఆ పాప తల నిమురుతూ కూర్చుంది. సర్పంచి చెన్నకృష్ణ మాత్రం, మీరు ఇది చెప్పకుండా పోయుంటే బాగుండు అన్నాడు. అన్నాక, ఎదురుగా ఉన్న బోడిమిట్టవాళ్ళను చూసి, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానన్నాడు.

సభ అయ్యాక ప్రణతి కారు దగ్గర నిలబడి ఉంటే నాగభూషణం వచ్చాడు. చేతులకు ఇంకా గ్రీజు ఉంది.

"రాష్ట్రంలో ఇన్ని ఊర్లుండాయి గదా మేడమ్. మా ఊరే ఎందుకు?"

ఆమె అబద్ధం చెప్పొచ్చు. అక్షర క్రమంలో వచ్చిందని చెప్పొచ్చు. చీట్లు వేశానని చెప్పొచ్చు.

"మీ ఊరు బాగా బతికే ఊరు కాబట్టి" అంది. "చచ్చిపోయే ఊరికి చెడ్డ గడువిస్తే నాకు ఏమీ తెలిసేది కాదు."

నాగభూషణం చేతిలో ఉన్న స్పానరు ఒకసారి గట్టిగా పట్టుకుని, మళ్ళీ వదులు చేసి, జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత జరిగినవన్నీ వేగంగా జరిగాయి. సుందరం గారు అనుకున్నంత పనీ అయింది. పత్రికల్లో యంత్రం గురించి ఒక రోజు వస్తే, ప్రణతి గురించి పది రోజులు వచ్చింది. నిజం రాసి పంపిన వ్యాసాన్ని ఏ పరిశోధన పత్రికా తీసుకోలేదు. ఆమెను ఉద్యోగం నుంచి సస్పెండు చేశారు. సుందరం గారు ఫోను ఎత్తడం మానేశారు. అయితే ఆయన ఊహించనిది కూడా ఒకటి జరిగింది. కొద్ది గడువున్న ఊళ్ళలో జనం ఎవరి ఆజ్ఞ కోసమూ చూడకుండా నీలం బోర్డులు పీకి పక్కన పడేశారు. విచారణ పూర్తయ్యేదాకా గడువులన్నింటినీ నిలిపేస్తున్నామని ప్రభుత్వం ప్రకటించింది. పూర్తిగా రద్దు చేస్తారో లేదో ఎవరికీ తెలియదు.

కొలిమిపల్లెలో రెండో భవనం ఆగిపోయింది. దాని మీద ఆశ పెట్టుకున్నవాళ్ళలో కొందరు సుబ్బరత్నతో మాట్లాడటం మానేశారు. ఆమే పట్టుబట్టి చెప్పించిందని ఊరంతా తెలిసిపోయింది. తిరుపతిలో బడి పిల్లలు ఆద్యను ఏమన్నారో ఆద్య ఇంట్లో చెప్పలేదు. ఒకరోజు మాత్రం, నువ్వు నన్ను కూడా ఎప్పుడైనా లెక్క కోసం వాడావా అని తల్లిని అడిగింది. లేదని ప్రణతి చెప్పింది. ఆద్య ఆ జవాబు నమ్మినట్టే కనిపించింది. కానీ అడగాల్సి వచ్చింది కదా, అదే ప్రణతి మనసులో ఉండిపోయింది.

విచారణ ఆగస్టులో కడపలో మొదలైంది. ఒక పదవీ విరమణ చేసిన న్యాయమూర్తి కూర్చున్నారు. కొద్ది గడువు పడ్డ ఆరు ఊళ్ళవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, తమకు ఏం పోయిందో చెప్పాలి. ప్రణతి తరఫున వాదించే లాయరుకు ఒక ఉపాయం తోచింది. ఆరు ఊళ్ళలో కాన్పులు తగ్గిన మాట నిజమే. కానీ వాటి జంట ఊళ్ళలో ఆ మేరకు పెరిగాయి కూడా. ఆమె యంత్రం లెక్క ప్రకారం ఒకవైపు నాలుగు వందల పదకొండు మంది పుట్టకుండా పోతే, మరోవైపు మూడు వందల ఎనభై మంది ఎక్కువ పుట్టారు. తీసివేస్తే మిగిలేది ముప్ఫై ఒక్కరు. ఇంత పెద్ద రాష్ట్రంలో అది పెద్ద నష్టం కాదని వాదించవచ్చు. ఆ లెక్క ఆయనకు ఇచ్చింది ప్రణతే. ఆర్థికశాస్త్రంలో అది సరైన లెక్కే. ఆమె పద్దెనిమిదేళ్ళుగా వేస్తున్న లెక్క అదే.

మూడో రోజు ఉదయం సుబ్బరత్న వంతు వచ్చింది. నాగభూషణం వెనక నిలబడ్డాడు. న్యాయమూర్తి మర్యాదగా మాట్లాడుతూ, ఊరు, ఉద్యోగం, ఇల్లు అన్నీ రాసుకున్నారు. తర్వాత కుటుంబంలో నష్టపోయినవాళ్ళు ఎంతమంది అని అడిగారు.

"ముగ్గురం సార్" అంది సుబ్బరత్న.

ఆయన ముందున్న కాగితం చూసుకున్నారు. "ఇక్కడ మీరూ, మీ ఆయనా ఇద్దరే ఉన్నారమ్మా."

"మూడో మనిషి రాలేదు సార్. మేమే రానీలేదు."

న్యాయమూర్తి కలం ఆపారు. బాధగానే, పుట్టని మనిషిని జాబితాలో చేర్చడానికి వీలుండదని చెప్పారు. లాయరు లేచి, అలా చేర్చడం మొదలుపెడితే జంట ఊళ్ళలో ఎక్కువ పుట్టినవాళ్ళను కూడా లెక్కలోకి తీసుకోవాల్సి ఉంటుందనీ, తన కక్షిదారు ఇచ్చిన లెక్క ప్రకారం అప్పుడు నష్టం చాలా చిన్నదవుతుందనీ మొదలుపెట్టాడు. సుబ్బరత్న ఆయన చెప్పేది పూర్తిగా అర్థంకాక, అర్థం చేసుకోవాలని ఆయన పెదవుల వైపే చూస్తోంది.

ప్రణతి లేచి నిలబడింది. లాయరు ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. విడిపించుకుంది.

"ఆ లెక్క నేనే ఇచ్చాను సార్. వాడకండి" అంది. "కొలిమిపల్లెలో పుట్టిన బిడ్డను చూపించి ఈమె బిడ్డను కొట్టెయ్యడానికి లేదు. ఇద్దరూ ఒకరు కాదు. నాలుగు వందల పదకొండు మందిలో ఒకరు ఈమెకు పుట్టాల్సినవారు. పుట్టకుండా చేసింది నేను. ముగ్గురని రాసుకోండి."

అలా ఒప్పుకుంటే మిగతా నాలుగు వందల పది మందికీ మీరే జవాబుదారీ అవుతారని న్యాయమూర్తి హెచ్చరించారు. తెలుసునని ఆమె అంది. ఆయన కాగితం మీద ఏదో కొట్టేసి, మళ్ళీ రాశారు.

సుబ్బరత్న ప్రణతి వైపు చూడలేదు. కాగితం తన వైపు తిప్పుకుని, ముగ్గురని రాసి ఉందో లేదో వేలు పెట్టి చదివి చూసుకుని, కింద సంతకం పెట్టింది.